జబ్బు లేని రికార్డు

మా వీధి చివరి అపార్టుమెంటులో ఉండే మృదుల మొన్న ఒక గోతం మోసుకుంటూ మా ఇంటికి వచ్చింది. బియ్యమేమో అనుకున్నాను. వీడియో క్యాసెట్లు. కొండపల్లి అవతల ఆ అమ్మాయి పనిచేసే ఫ్యాక్టరీలో, కొత్తగా చేరినవాళ్ళకి మిషన్ల దగ్గర పని నేర్పడానికి ఎప్పుడో తీసిన వీడియోలట. స్టోరు రూము ఖాళీ చేస్తుంటే బయటపడ్డాయట. వాటిని డిస్కుల్లోకి ఎక్కించే పని ఆమె నెత్తిన పడింది. "అంకుల్, మీరు ఒకప్పుడు ఈ లైన్లోనే ఉండేవాళ్ళట కదా. క్వాలిటీ పోకుండా ఎలా ఎక్కించాలో చెప్పండి" అంది. ఈ లైన్లో ఉన్న మాట నిజమే. కాకపోతే నేనున్న స్టేషన్లో రైళ్ళు ఆగడం మానేసి చాలా కాలమైంది. ఆ మాట పైకి చెప్పలేదు. పెద్దవాణ్ణి అడగడానికి వచ్చినవాళ్ళని నిరాశపరచకూడదని, కళ్ళజోడు తుడుచుకుని గంభీరంగా కూర్చున్నాను.

ఆమె లాప్‌టాప్ తెరిచి ఏదో ప్రోగ్రాము చూపించింది. అందులో ప్రశ్నలన్నీ కంప్యూటరే అడిగి, జవాబులు కూడా అదే ముందుగా పెట్టేసుకుంది. మనం ఊఁ అంటే చాలు. మా రోజుల్లో పరీక్షలు ఇలా ఉంటే నా డిగ్రీ పోయేది కాదు. ఆ జవాబుల్లో ఒకదాని దగ్గర నా చూపు ఆగింది. 'అనవసరమైన శబ్దం తొలగించు' అని ఒక గడి, దాంట్లో అప్పటికే ఒక టిక్కు. "ఈ టిక్కు ఎవరు పెట్టారమ్మా?" అన్నాను. "ఎవరూ పెట్టలేదంకుల్. అలవాటుగా అలాగే ఉంటుంది" అంది. అలవాటుగా అనే మాట వినగానే నా కుడిచెయ్యి నాకు చెప్పకుండానే ఎడమచేతి కిందికి వెళ్ళి దాక్కుంది. యాభై ఏళ్ళ కిందట అది అలవాటుగా చేసిన ఒక పని దానికింకా గుర్తుంది.

అప్పట్లో నేను గవర్నర్‌పేటలో మా మేనమామ దగ్గర ఉండేవాణ్ణి. దివిసీమలోని మా ఊరినించి విజయవాడ కాలేజీకి వచ్చి, డిగ్రీ రెండుసార్లు తప్పి, ఇంటికి వెళ్ళే మొహం లేక ఆయన కొట్లో మకాం పెట్టాను. మామయ్య పేరు సత్యం. ఊరికంతటికీ మైకు సత్యం. కింద మైకుసెట్లు అద్దెకిచ్చే కొట్టు, పైన ఇల్లు. కింద నించి సోల్డరింగు పొగ, పైనించి అత్తయ్య పెట్టే ఇంగువ పోపు మెట్ల మధ్యలో కలుసుకునేవి. ఈ రోజుకీ ఇంగువ వాసన తగిలితే నాకు ఆకలితో పాటు, ఎక్కడో వైరు ఊడిందన్న అనుమానం కూడా వేస్తుంది. మామయ్యకి మైకు లేకుండా మాట్లాడ్డం చాతనయ్యేది కాదు. నాలుగు కాగానే కొట్లో మైకు ముందు గొంతు సవరించుకుని "హలో హలో, పార్వతీ, కాఫీ" అనేవాడు. మా వీధిలో నలుగురైదుగురు ఆడవాళ్ళు ఆ కేక విని తమ ఇళ్ళల్లో కాఫీకి నీళ్ళు పడేసేవారు. అత్తయ్య మటుకు వినపడనట్టు కూర్చుని, రెండోసారి పిలిస్తేనే లేచేది. "మొదటి పిలుపు వీధికి, రెండోది నాకు" అనేది.

మామయ్య దృష్టిలో క్వాలిటీ అంటే దూరం. పెళ్ళిపందిట్లో కట్టిన బూర ఊరి అవతల పొలంలో ఉన్నవాడికి వినపడాలి. మాట మాట విడిగా తెలియాలి. కొత్త సెట్టు ఏది తయారైనా నన్ను సైకిలెక్కించి ఏలూరు కాలవ గట్టుకి పంపేవాడు. నేను గట్టు మీద నిలబడి చెవి ఒగ్గి, తిరిగొచ్చి "వినపడింది మామయ్యా" అంటే ఆయన మొహం వెలిగిపోయేది. ఆ అల్యూమినియం బూరలకి ఒక బలహీనత ఉంది. లావు శబ్దం, అంటే బాసు, పెడితే లోపలి పల్చటి రేకు చిరిగిపోతుంది. "బూరకి బొజ్జ శబ్దం అరగదు రా అల్లుడూ. సెట్టు ముట్టుకోగానే ముందు బాసు సున్నాకి తిప్పు, తరవాతే ఇంకో పని" అని మొదటి రోజే నూరిపోశాడు. మా బాసుకి బాసంటే పడదు. నా చెయ్యి ఆ పాఠం ఎంత బాగా నేర్చుకుందంటే, చెప్పులు విప్పి కొట్లో అడుగుపెట్టగానే అదే వెళ్ళి ఆ మర తిప్పేసి వచ్చేది. కాలేజీలో ఏ పాఠమూ నా ఒంట్లోకి అంత లోతుగా దిగలేదు.

ఆ కొట్లో ఒక ఏనుగు ఉండేది. మద్రాసులో ఒక స్టూడియో మూతపడితే మామయ్య వేలంలో పాడి తెచ్చిన రికార్డు కోసే మిషను. గుండ్రటి బల్ల మీద నల్లటి మెత్తటి పూత పూసిన పళ్ళెం తిరుగుతుంటే, పైనించి ఒక సూది దిగి, శబ్దాన్ని సన్నటి గాడిలా చెక్కుకుంటూ పోతుంది. సూది వెంట తలవెంట్రుకంత నల్లదారం లేస్తుంది. దాన్ని మెత్తటి బ్రష్షుతో ఎప్పటికప్పుడు పక్కకి లాగాలి. గోళ్ళరంగు సీసా మూత తీసినట్టు ఒకటే వాసన. మొదటిసారి ఆ దారం లేవడం చూసినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. గాల్లో కలిసిపోవలసిన మాట ఒక వస్తువై కళ్ళ ముందు సుళ్ళు తిరుగుతోంది మరి. అయితే ఆ మిషనుకి వీధిలో లారీ వెళ్ళినా వణుకు పుట్టేది. వణికితే గాడి వంకరపోతుంది. ఇంట్లో కదలని వస్తువేదా అని వెతికి, మామయ్య దాన్ని తీసుకెళ్ళి పెరటి వసారాలో అత్తయ్య రుబ్బురోలు మీద ఒక నాపరాయి పరిచి ఎక్కించాడు. అది మొదలు పిండి రుబ్బుకోవడానికి అత్తయ్య పక్కింటికి వెళ్ళవలసి వచ్చింది. ఆవిడ మామయ్యతో మాట్లాడ్డం మానలేదు గానీ, ఇడ్లీలు పెట్టడం మానేసింది.

ఆ మిషనుకి మొదటి పెద్ద పని వచ్చిన రోజు ఇంటి ముందు జీపు ఆగింది. పామర్రు వైపు నాలుగు రైసుమిల్లులున్న వెంకట్రామయ్య గారు దిగారు. వెనకాల, చెక్కపెట్టెలా ఉన్న పెద్ద టేపురికార్డరు మోసుకుంటూ ఆయన మిల్లు ఫిట్టరు ఏసుపాదం గారు దిగారు. అరవై దాటిన మనిషి. ఖాకీ చొక్కా, చంకలో మూరెడు కర్ర. కొండపల్లిలో బొమ్మలు చెక్కే తేలిక చెక్కతో చేసిన కర్ర అది. ఒక కొన నున్నగా ఉంది. రెండో కొనంతా గాట్లు. కుక్కేదో కొరికి ఉంటుందనుకున్నాను. నేను మాట్లాడుతున్నంతసేపూ ఆయన కళ్ళార్పకుండా నా మొహంలోకే చూశారు. డిగ్రీ తప్పినవాడి మాటల్ని అంత మర్యాదగా విన్న మనిషి అంతకుముందు నాకు తగల్లేదు.

సంగతేమిటంటే, కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో తెలియని కాలం కనక, మిల్లులన్నిటికీ ఆయిలింజన్లు ఉండేవి. ఇంజను జబ్బుపడితే ముందు శబ్దం మారుతుంది. ఆ మార్పు పట్టగలిగిన మనిషి ఏసుపాదం గారొక్కరే. అందుకని ఓనరు గారి బావమరిది సింగపూరు నించి తెచ్చిన టేపురికార్డరులో ఒక పాఠం తయారుచేశారు. బాగున్న ఇంజను ఎలా ఉంటుంది, వాల్వు వదులైతే ఎలా ఉంటుంది, బేరింగు అరిగితే ఎలా ఉంటుంది అని ఏసుపాదం గారు చెబుతూ వినిపిస్తారు. జబ్బు శబ్దాల కోసం ఆయన బాగున్న ఇంజను బోల్టుల్ని తన చేత్తోనే వదులు చేశారట. "నా గుండె బోల్టులు కూడా వదులైపోయినయ్యి, సత్యం గారూ" అన్నారు ఓనరు గారు. టేపురికార్డరు నెలాఖరుకి బావమరిది వెనక్కి పట్టుకుపోతాడు. రికార్డయితే ఏ ఊళ్ళోనైనా మైకుసెట్టు వాడి దగ్గర వేసి వినొచ్చు. మిల్లుకొకటి చొప్పున నాలుగు రికార్డులు కావాలి.

"ఒక్క ముక్క పోకూడదండి" అన్నారు ఏసుపాదం గారు, మెల్లగా.

"కాలవ గట్టు దాకా వినపడకపోతే నా పేరు సత్యం కాదు" అన్నాడు మామయ్య.

ఆదివారం మధ్యాహ్నం, వీధిలో లారీల సందడి తగ్గాక, పని మొదలెట్టాం. నేను మిషను దగ్గరికి వెళ్ళాను. నా చెయ్యి దాని పని అది చేసింది. టేపు తిరిగింది, దారం లేచింది, ముప్పావుగంట ఊపిరి బిగబట్టి బ్రష్షు తిప్పాను. పళ్ళెం రెండువైపులా నిండిపోయింది. ముందు ఎనిమిది నిమిషాలు శ్రమ గొప్పదనం గురించి ఓనరు గారి ఉపన్యాసం. తరవాత ఏసుపాదం గారి ప్రార్థన రెండు ముక్కలు, ఆపైన ఇంజన్లు. సాయంత్రం దాన్ని బూరలో వేసి నన్ను గట్టుకి పంపారు. మాట మాట ముత్యంలా వచ్చింది. గట్టున బట్టలుతుకుతున్న ఒకావిడ "ఎవరయ్యా ఆ ఇంజను డాక్టరు?" అని కూడా అడిగింది. నేను సైకిలు గాల్లో తొక్కుకుంటూ వచ్చాను.

తరవాతి ఆదివారం చర్చి అయ్యాక తెల్లచొక్కాలో, చేతిలో బైబిలు, చంకలో కర్ర, బస్సు దిగి ఏసుపాదం గారు ఒక్కరే వచ్చారు. మామయ్య బూర కలపబోతే వద్దన్నారు. "చెక్కపెట్టెలో వెయ్యండి" అన్నారు. మా దగ్గర చెక్కపెట్టె గ్రామఫోను ఒకటుంది. రికార్డు వేశాం. ఆయన దాని ముందు మోకాళ్ళ మీద కూర్చుని, కర్ర నున్నటి కొన పెట్టెకి ఆనించి, గాట్లున్న కొన పళ్ళ మధ్య కరుచుకుని, కళ్ళు మూసుకున్నారు. నేనూ మామయ్యా మొహమొహాలు చూసుకున్నాం. రికార్డు రెండో వైపు కూడా అయ్యేదాకా ఆయన కదల్లేదు. లేచి, కర్ర కొన తుడుచుకున్నారు.

"ఇందులో జబ్బు లేదండి" అన్నారు.

"జబ్బు లేకపోవడం ఏంటండీ! మూడో నంబరు జబ్బని మీరే చెప్తున్నారు గదా, గంట కొట్టినట్టు వినపడతంటే!"

"చెప్పడం చెప్తన్నా. ఇంజను మటుకు ఆరోగ్యంగా ఉంది. అన్ని ఇంజన్లూ ఆరోగ్యంగానే ఉన్నయ్యి."

మామయ్య నన్ను పక్కకి లాగి, వేరేవాళ్ళయితే గుసగుసగా చెప్పేదాన్ని తన మైకు గొంతుతో అన్నాడు. "ఒరేయ్ అల్లుడూ, ముసలాయనకి చెవుడు రా!" నేను సిగ్గుతో చచ్చిపోయాను. ఏసుపాదం గారి మొహంలో ఏ మార్పూ లేదు. అప్పుడు తెలిసింది, ఆయనకి నిజంగానే వినపడలేదని. ఆయన మా ఇద్దరి మొహాలూ చూసి, మామయ్య పెదాల మీద ఇంకా మిగిలి ఉన్న మాటని చదువుకున్నారు.

"అవునండి" అన్నారు. "రెండేళ్ళయింది. ముప్ఫై ఏళ్ళు ఇంజను పక్కన నిలబడితే చెవులుంటయ్యా? ముందు ఈ కర్ర చెవికి ఆనించి వినేవోణ్ణి. ఇప్పుడు పళ్ళకి. పళ్ళున్నంత కాలం ఫరవాలేదనుకున్నా." రుబ్బురోలు పక్కన అరుగు మీద కూర్చుని, బైబిలు ఒళ్ళో పెట్టుకున్నారు. "పక్కూరి మిల్లులో నా దగ్గర నేర్చుకున్న కుర్రోడు ఇంజను డ్రైవరుగా ఉండేవోడు. వాడికి అన్నీ నేర్పాననుకున్నా. బేరింగు అరిగితే దెబ్బ ఎట్టా ఉంటదో మాటల్లో చెప్పా. మాటల్లో చెబితే వచ్చేదా అది? ఇంజను మూడు రోజులు మొత్తుకుంటే వాడికి తెలవలా. రాడ్డు తెగి బయటికొచ్చింది. కుడిచెయ్యి పోయింది వాడికి. అందుకని సత్యం గారూ, ఆ దెబ్బ ఆ పళ్ళెంలో ఉండాల. నాకు వినపడక్కర్లేదు, వాళ్ళకి వినపడాల." బైబిలు మీద చెయ్యి వేసి, "నా చెవుల సంగతి ఓనరు గారికి చెప్పకండి. ఉద్యోగం కోసం కాదు. చెవిటోడు చెప్పిన పాఠం ఎవడింటాడు?" అన్నారు.

మామయ్య మైకు జోలికి పోకుండా తల మటుకు ఊపాడు. మైకు ఆయనకి మూడడుగుల దూరంలోనే ఉంది.

అప్పుడు నేను చేసిన పని ఎందుకు చేశానో ఇప్పటికీ చెప్పలేను. ఆయన చేతిలోంచి కర్ర తీసుకున్నాను. పైన అత్తయ్య చూస్తోంది, ఎంగిలని అరుస్తుందేమో అనుకుంటూనే దాన్ని పళ్ళ మధ్య పెట్టుకున్నాను. టేపురికార్డరు పెట్టి, కర్ర దాని చెక్కకి ఆనించాను. ఏసుపాదం గారి గొంతు గొణుగుడులా వచ్చి, తరవాత బాగున్న ఇంజను మొదలైంది. అది నా దవడలోకి దిగి, తలలో నడవడం మొదలుపెట్టింది. చెవికి ఒట్టి డుబడుబమనే ఆ మోత లోపల ఒక పెద్ద మనిషి నిదానంగా మెట్లెక్కుతున్నట్టుంది. ఎంత తీరుగా అడుగులు వేస్తున్నాడో! అంతలో మూడో నంబరు జబ్బు, ఆ బేరింగు దెబ్బ, వచ్చింది. అడుగు అడుగుకీ కింద, బాగా కింద, ఇంకెవరో గుమ్మం మీద మెత్తగా పిడికిలితో కొడుతున్నారు. నా పుర్రెలో కొడుతున్నారు. నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. భయమో, సంతోషమో తెలియదు. ఇరవై రెండేళ్ళొచ్చినా, శబ్దాలు అద్దెకిచ్చే కొట్లోనే బతుకుతున్నా, వినడం అంటే ఏమిటో నాకు ఆ క్షణందాకా తెలియదు. పళ్ళు ఉన్నది పప్పన్నం నమలడానికే అనుకున్నాను.

తరవాత కర్ర గ్రామఫోను పెట్టెకి ఆనించి మా రికార్డు వేశాను. పెద్ద మనిషి మెట్లెక్కే అలికిడి పల్చగా ఉంది. గుమ్మం మీద చప్పుడు లేనే లేదు. లేచి మిషను దగ్గరికి వెళ్ళి చూశాను. బాసు మర సున్నా దగ్గర, కూర్చోబెట్టినట్టు బుద్ధిగా కూర్చుని ఉంది. ఎవరు తిప్పారని అడగవలసిన అవసరం లేకపోయింది. నా కుడిచెయ్యి నా పక్కనే వేలాడుతోంది. పక్కూళ్ళో ఎవరికో కుడిచెయ్యి లేదని అప్పుడే విని ఉన్నాను.

"నేనే మామయ్యా" అన్నాను.

"నువ్వు కాదురా. నేను నేర్పిందే" అన్నాడాయన.

తప్పు తెలిశాక దిద్దుకోవడం తేలికనుకుంటారు. బాసు పూర్తిగా పెంచి మళ్ళీ కోశాం. లావు శబ్దానికి సూది అటూ ఇటూ ఊగిపోయి, పక్క గాడిలోకి పడింది. వేసి చూస్తే గ్రామఫోను ముల్లు ఒక జబ్బులోంచి ఇంకో జబ్బులోకి దూకింది. ముల్లు దూకితే మైకువాళ్ళు చేసే వైద్యం ఒకటుంది, ముల్లు చెయ్యి మీద అయిదు పైసల బిళ్ళ పెట్టడం. మామయ్య రెండు పెట్టాడు. ఆ బరువుకి ముల్లు మెత్తటి పూతని దున్నేసింది. పళ్ళెం నాశనం. మామయ్య తల పట్టుకుని, కాఫీ తెచ్చిన అత్తయ్యకి ఏం జరిగిందో ఆవిడకి అర్థమయ్యేట్టు చెప్పాడు. గాడంటే కాలవ అనుకో, ఉధృతం ఎక్కువైతే గట్టు తెగి పక్క కాలవలో పడుతోంది అని.

"గట్టు సన్నంగా వేస్తే తెగదా మరి? కాలవలు ఎడంగా తవ్వండి" అంది అత్తయ్య.

"ఎడంగా తవ్వితే చేను చాలదే. సగం పాఠం కూడా పట్టదు."

"చాలకపోతే పనికిరానిది తీసెయ్యండి. అది కూడా నేనే చెప్పాలా? మీ పని త్వరగా అయితే నా రోలు నాకొస్తది."

గాళ్ళ మధ్య ఎడం పెంచే మర మిషనుకి ఉంది. మేం ఎప్పుడూ ముట్టుకోలేదు. పెంచి లెక్క చూస్తే రెండువైపులా కలిపి ఎనిమిది నిమిషాల చోటు తక్కువపడింది. నేనూ మామయ్యా ఆ ఎనిమిది నిమిషాలు ఎక్కడున్నాయో ఒకేసారి గుర్తుపట్టి, ఒకరినొకరు చూసుకోకుండా గోడకేసి చూశాం. ఓనరు గారి ఉపన్యాసం తీసెయ్యాలని ఓనరు గారికి ఎవరు చెబుతారు? ఆ భారం మామయ్యే మోశాడు. ఫోనులో ఆయన అన్న మాటలు నేను స్వయంగా విన్నాను. "అయ్యా, మీ గొంతు పక్కన ఇంజను గొంతు ఆనడం లేదండి. మీదాన్ని విడిగా ఒక రికార్డు కొడతాను. ఇంజన్లని ఇంకో దాంట్లో పడేస్తాను." ఓనరు గారు పొంగిపోయారు. ఉపన్యాసం రికార్డు కోసేటప్పుడు బాసు నిక్షేపంగా సున్నాకి తిప్పాం. అది కాలవ దాటి ఎంత దూరం వినపడిందో నాకు తెలియదు. నేను వెనక్కి వచ్చేశాను గానీ అది ఇంకా వెళ్ళిపోతూనే ఉంది.

బాసు ఉంచి, గాళ్ళు ఎడంగా కోసిన ఇంజన్ల రికార్డు పట్టుకుని పామర్రు మిల్లుకి వెళ్ళిన రోజు, మిల్లు ముందు ఆరబోసిన వడ్ల వాసన, ఊక దుమ్ము, ఆయిలు కంపు. ఇంజను షెడ్డు పక్క ఆఫీసు గదిలో గ్రామఫోను పెట్టె. నాలుగు మిల్లుల డ్రైవర్లూ వచ్చారు. ఓనరు గారు కుర్చీలో. ఏసుపాదం గారు ఎప్పట్లాగే మోకాళ్ళ మీద కూర్చుని కర్ర కరుచుకున్నారు. రికార్డు మొదలైంది. మొదటి జబ్బు రాగానే ఆయన చూపుడువేలు లేచింది. రెండోదానికి రెండో వేలు. మూడోది వస్తున్నప్పుడు నేను ఆయన చేతికేసే చూస్తున్నాను. ఆయన వేలు ఎత్తలేదు. అరచెయ్యి మొత్తం తీసి గుండె మీద పెట్టుకున్నారు. మూసిన కళ్ళలోంచి నీళ్ళు కారి కర్ర మీద పడ్డాయి. తరవాత కర్ర ఒక్కొక్క డ్రైవరుకీ ఇచ్చారు. ఇంటింటి భోజనాల్లో ఎంగిలి పట్టించుకునే రోజులవి, కులం పట్టించుకునే రోజులు కూడా. కర్ర ఒక చేతినించి ఇంకో చేతికి వెళ్ళింది. ఒకతను కొన తువ్వాలుతో తుడిచాడు. రెండోవాడు తుడవలేదు. ఆ రెండోవాడు సాంబయ్య, ఆ మిల్లు డ్రైవరే, మీసాలు ఇంకా సరిగ్గా రానివాడు. కర్ర పళ్ళలో పెట్టుకుని మూడో జబ్బు విని, ఉన్నట్టుండి లేచాడు.

"ఏమండోయ్, మన చిన్నింజను మూడ్రోజులనించి ఇట్టాగే అంటంది. బెల్టు వదులయ్యిందేమో అనుకున్నా!"

అని కర్రతో సహా షెడ్డులోకి పరిగెత్తాడు. మేమంతా వెనకాలే. నడుస్తున్న ఇంజనుకి కర్ర ఆనించి, కరిచి, ఒక్క క్షణం విని, చెయ్యి చాచి ఇంజను ఆపేశాడు. మిల్లంతా నిశ్శబ్దమైపోయింది. విప్పి చూస్తే బేరింగు లోపలి లోహం అరిగి కాగితంలా మిగిలింది. ఇంకో పూట నడిచేది కాదు. దాని పక్కనే ఎప్పుడూ నిలబడే మనిషి సాంబయ్య.

ఏసుపాదం గారు మాకు వీపు చేసి, వంగి ఆ బేరింగునే చూస్తున్నారు. ఓనరు గారు "ఏసుపాదం" అని పిలిచారు. ఆయన తిరగలేదు. ఇంజను ఆగి ఉంది. షెడ్డులో పిచ్చుకల అలికిడి కూడా తెలుస్తోంది. "ఏసుపాదం!" అన్నారు మళ్ళీ, గట్టిగా. ఆయన తిరగలేదు. నేను మామయ్యకేసి చూశాను. మామయ్య నేలకేసి చూశాడు. ఓనరు గారు ఒకసారి ఆ వీపుని, ఒకసారి సాంబయ్య చేతిలోని కర్రని, దాని మీది గాట్లని చూశారు. ఏమనుకున్నారో తెలియదు. ఇంజను చుట్టూ తిరిగి, ఊక గుట్ట దాటుకుని, అవతలివైపు వెళ్ళి ఏసుపాదం గారి మొహానికి ఎదురుగా నిలబడ్డారు. ఎనిమిది నిమిషాలు ఉపన్యాసమిచ్చిన మనిషి ఈసారి ఒక్కొక్క మాటా విడదీసి, పెదాలు బాగా కదిపి చెప్పారు. "మిగతా మూడు మిల్లులకీ రికార్డు నువ్వే పట్టుకెళ్ళాల. పొద్దున జీపు పంపిస్తా."

వరికోతలు రెండుసార్లు వచ్చి వెళ్ళాయి. ఒక సాయంత్రం ఏసుపాదం గారు కొట్టుకి వచ్చారు. పని మానేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నానన్నారు. చంకలో కర్ర లేదు. సాంబయ్యకిచ్చేశారట. అప్పటికి మిషను మేడమీదికెక్కింది, రోలు అత్తయ్యకి దక్కింది. ఆవిడ ఆయనకి ఇడ్లీలు పెట్టింది. వెళ్తూ వెళ్తూ ఆయన కాస్త మొహమాటపడి, "బాబూ, మొదట కోసిన పళ్ళెం ఉందా, పారేశారా?" అన్నారు.

"ఉందండి. అది చెడిపోయింది కదండీ. బాసు లేదు. అందులో జబ్బేదీ వినపడదు."

"అదే నాకియ్యి" అన్నారు. "ముప్ఫై ఏళ్ళు జబ్బుల్నే విన్నా. అందులో అన్ని ఇంజన్లూ ఆరోగ్యంగా ఉన్నయ్యి."

పాత న్యూసు పేపరులో చుట్టి ఇచ్చాను. దాన్ని బైబిలుతో కలిపి గుండెకి ఆనించుకుని బస్సెక్కారు. నా జీవితంలో నేను చేసిన తప్పుల్లో ఒకదాన్ని అడిగి మరీ పట్టుకెళ్ళిన మనిషి ఆయనొక్కడే.

"అంకుల్" అంది మృదుల. కాఫీ చల్లారిపోయింది. "టిక్కు ఉంచమంటారా, తీసెయ్యమంటారా?"

ఇప్పటి మిషన్లు గొప్పవి. ఆ అమ్మాయి వేలితో తాకే పనికి మేము రుబ్బురోలూ, ఆదివారాలూ, అత్తయ్య ఇడ్లీలూ ధారపోశాం. గరగర లేదు, గీత లేదు, ఎన్నిసార్లు వేసినా అరగదు. దాన్ని చూస్తే నాకు ఈర్ష్య లేదు, దణ్ణం పెట్టాలనే ఉంది. కానీ ఏది అనవసరమైన శబ్దమో దానికి ఎవరు చెప్పారు? మా మామయ్య లాంటి మంచివాడెవడో ఎక్కడో కూర్చుని, తన బూరలు చిరగకుండా ఆ టిక్కు పెట్టి ఉంటాడు.

"తీసెయ్యమ్మా" అన్నాను. "ఈ వీడియోల్లో మిషన్ల దగ్గర పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఒకావిడ ఉన్నారు. రిటైరయ్యారు. ఇబ్రహీంపట్నంలో ఉంటారు."

"ఎక్కించాక ముందు ఆవిడకి చూపించు. బాగుందా అని అడక్కు. అన్నీ ఉన్నాయా అని అడుగు."

సరేనంది గానీ, ముసలాయన ఏదో చాదస్తం చెబుతున్నాడన్న చూపు. నేను లోపలికెళ్ళి, అటకమీద మిగిలిన పాత చెక్క స్పీకరు పెట్టె దించి, దుమ్ము దులిపి, లాప్‌టాప్‌కి కలిపి, మచ్చుకి ఎక్కించిన వీడియో ఒకటి టిక్కు లేకుండా వెయ్యమన్నాను. చెవి మిషను తీసి బల్లమీద పెట్టాను. నాకూ ఇప్పుడది లేనిదే గడవదు. బల్లమీద ఉన్న పెన్సిలు తీసుకుని ఒక కొన పెట్టెకి ఆనించి, రెండో కొన పళ్ళ మధ్య పెట్టుకున్నాను. పళ్ళు కొన్ని నావి, కొన్ని డాక్టరు గారివి. అయినా వచ్చింది. ఎవరో ఎక్కడో, బాగా కింద, మెట్లెక్కుతున్నారు.

కళ్ళు తెరిచేసరికి మృదుల నన్నూ పెట్టెనీ మార్చి మార్చి చూస్తోంది. ఏదో అడిగింది. పెదాలు కదలడం కనపడింది. నేను జవాబు చెప్పలేదు, నోట్లో పెన్సిలుంది. ఆ పిల్ల తన బ్యాగు జిప్పు తీసి, పెన్సిలు కోసం వెతకడం మొదలుపెట్టింది.